రాగిలో రవ్వంత మాంగనీసు

కరిగిన రాగిలో నూటికి ఒకటో రెండో పాళ్లు మాంగనీసు కలిపి చల్లారిస్తే ఒక మిశ్రలోహం వస్తుంది. కరెంటు తీగ లాగడానికి దానికన్నా మామూలు రాగే నయం. పోనీ అయస్కాంతంగా వాడదామా అంటే గుండుసూదిని కూడా లాగలేదు. బజార్లో గిరాకీ లేదు, ఫ్యాక్టరీలో పని లేదు. అయినా గత అయిదు దశాబ్దాల్లో ఎందరో భౌతిక శాస్త్రవేత్తలు, గణిత శాస్త్రవేత్తలు ఈ జాతి లోహాల వెంటపడ్డారు.

ఆ శ్రమ ఊరికే పోలేదు. ఇటలీకి చెందిన జార్జియో పరీసీకి 2021లో దక్కిన ఫిజిక్స్ నోబెల్‌లో పెద్ద వాటా ఈ లోహాల లెక్కదే. ఫ్రెంచి గణితవేత్త మిషెల్ తాలాగ్రాన్ 2024లో అందుకున్న ఏబెల్ బహుమతిలోనూ దానికి భాగం ఉంది. అదే ఏడాది జాన్ హాప్‌ఫీల్డ్, జెఫ్రీ హింటన్‌లకు ఫిజిక్స్ నోబెల్ ప్రకటించినప్పుడు, కృత్రిమ మేధకు ఫిజిక్స్‌తో సంబంధమేమిటని చాలామంది నొసలు చిట్లించారు. సంబంధం ఉంది. అది అయస్కాంతం గుండా వెళ్తుంది. ఫోన్లో తెలుగు వాక్యాలు అల్లి పెట్టే చాట్‌బాట్ తర్వాతి మాటను ఎంచుకునే సూత్రంలో ఆ జాడ ఇప్పటికీ కనిపిస్తుంది.

ముందు మామూలు ఇనుము సంగతి చూడాలి. ఇనుప అయస్కాంతాన్ని కాలుస్తూ పోతే దాని బలం తగ్గుతూ వచ్చి, 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర పూర్తిగా పోతుంది. నికెల్‌కు ఆ హద్దు 350 డిగ్రీలు దాటాక వస్తుంది. గడోలినియం అనే లోహానికి 20 డిగ్రీల దగ్గరే వచ్చేస్తుంది. అంటే మే నెల మధ్యాహ్నం విజయవాడలో అది అయస్కాంతం కాదు, చలికాలం తెల్లవారుజామున అరకులో అయితే అవుతుంది. 1895లో పియరీ క్యూరీ ఈ మార్పుల్ని ఓపిగ్గా కొలిచాడు కాబట్టి ఆ హద్దుకు క్యూరీ ఉష్ణోగ్రత అని పేరు. కొలవడం అయింది కానీ ఎందుకన్నది మిగిలిపోయింది. ఇనుములో అణువులు 769 డిగ్రీల దగ్గరా అవే, 771 దగ్గరా అవే. పక్కవాటితో వాటి సంబంధమూ మారలేదు. మరి హద్దు ఎక్కడి నుంచి ఊడిపడింది?

1920లో విల్హెల్మ్ లెంజ్ అనే జర్మన్ ప్రొఫెసర్ దీనికి ఒక బొమ్మ లాంటి నమూనా ప్రతిపాదించాడు. ప్రతి అణువూ ఒక చిన్న బాణం. దానికి రెండే దిక్కులు, పైకి లేదా కిందికి. పక్కపక్క బాణాలు ఒకే వైపు ఉంటే శక్తి తక్కువ, ఎదురెదురుగా ఉంటే ఎక్కువ. ప్రకృతి తక్కువ శక్తివైపు మొగ్గుతుంది కానీ, వేడి దాన్ని కుదురుగా ఉండనివ్వదు, బాణాలను అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. నియమాలు ఇంతే. అసలు ఇనుములోని చిక్కులన్నీ వదిలేసిన ఈ నమూనాలోనైనా క్యూరీ హద్దు కనబడుతుందా? ఈ లెక్కను హాంబర్గ్‌లో తన శిష్యుడు ఎర్నెస్ట్ ఈజింగ్‌కు డాక్టరేట్ పనిగా ఇచ్చాడు.

ఈజింగ్ అన్నిటికన్నా తేలికైన రూపం తీసుకున్నాడు: బాణాలన్నీ ఒకే వరసలో. ఫలితం నిరాశపరిచింది. వరసలో బాణాలన్నీ పైకి ఉన్నాయనుకోండి. ఎక్కడో ఒకచోట వరసను తెగ్గొట్టి, అక్కడి నుంచి చివరిదాకా అన్నిటినీ కిందికి తిప్పితే పాడయ్యేది ఒక్క జంటే, ఆ తెగిన చోట ఉన్న జంట. అంటే ఖర్చు ఒక్క జంటది. తెగ్గొట్టగల చోట్లు మాత్రం వరస ఎంత పొడవుంటే అన్ని. కోటి బాణాలుంటే దాదాపు కోటి అవకాశాలు. కాస్తంత వెచ్చదనం ఉన్నా చాలు, వరస ఎక్కడో అక్కడ తెగుతుంది, మళ్లీ ఇంకోచోట తెగుతుంది, క్రమం మొత్తం చెదిరిపోతుంది. కాబట్టి ఏ ఉష్ణోగ్రత దగ్గరా అది అయస్కాంతం కాదు. 1925లో అచ్చయిన వ్యాసంలో ఈజింగ్ ఈ మాట రుజువు చేసి, మూడు కొలతల నిజం దిమ్మెలోనూ ఇంతేనని కూడా అనేశాడు. మొదటి మాట సరైనదే. రెండోది తప్పు.

ఆ తర్వాత ఆయన పరిశోధన వదిలి బడిపంతులు అయ్యాడు. యూదుడు కావడంతో 1933లో హిట్లర్ రాగానే ఉద్యోగం ఊడింది. పోట్స్‌డామ్ దగ్గర కాపుట్ అనే ఊళ్లో యూదు పిల్లల కోసం నడిచే బడిలో చేరాడు. దేశం విడిచిపోయిన ఐన్‌స్టైన్ వేసవి ఇంటిని కూడా ఆ బడి వాడుకునేది. 1938 నవంబరులో నాజీ మూకలు బడిని ధ్వంసం చేశాయి. కుటుంబంతో లక్సెంబర్గ్ చేరాడు. అక్కడికీ జర్మన్ సైన్యం వచ్చింది, సరిగ్గా ఆయన నలభయ్యో పుట్టినరోజున, 1940 మే 10న. యుద్ధం చివర్లో మాజినో రక్షణ రేఖ దగ్గర రైలు పట్టాలు ఊడదీసే వెట్టిచాకిరీ చేయించారు. 1947లో అమెరికా వెళ్లి, ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియా అనే ఊరి బ్రాడ్లీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాడు. తన పేరుతో ఒక నమూనా ఉందని, దాని మీద పెద్ద పెద్దవాళ్లు కుస్తీ పడుతున్నారని ఆయనకు తెలిసింది అమెరికాలో అడుగుపెట్టాకే. 98 ఏళ్లు బతికి 1998లో పోయాడు. ఒక్క వ్యాసంతో ఇంత పేరు పొందినవాళ్లు భౌతిక శాస్త్రంలో అరుదు. అదీ ఫలించని ప్రయత్నంగా ముగిసిన వ్యాసంతో!

ఆయన తప్పును మొదట పట్టుకున్నది రుడాల్ఫ్ పైయర్ల్స్. 1936లో ఆయన చూపించింది ఇదీ: బాణాల్ని వరసగా కాక చదరంగం బల్ల మీద గడికొకటి చొప్పున పేరిస్తే వ్యవహారం మారిపోతుంది. బల్ల మధ్యలో ఒక గుంపు బాణాలు తిరగబడాలంటే ఆ గుంపు చుట్టూ ఉన్న సరిహద్దు జంటలన్నీ పాడవ్వాలి. గుంపు పెద్దదయ్యేకొద్దీ సరిహద్దు పొడవూ, దాంతోపాటు ఖర్చూ పెరుగుతాయి. కాబట్టి తక్కువ ఉష్ణోగ్రతలో క్రమం నిలబడుతుంది. ఎంత ఉష్ణోగ్రత దాకా అన్నది నార్వే నుంచి అమెరికా వచ్చిన లార్స్ ఆన్సేగర్ తేల్చాడు. 1944లో ఆయన అచ్చు వేసిన పరిష్కారం గణిత భౌతిక శాస్త్రంలో ఈనాటికీ ఒక శిఖరం. తగిన కొలమానంలో ఆ హద్దు 2.269. పక్క అణువుతో తప్ప ఎవరితోనూ సంబంధం లేని బాణాలు ఆ గీతకు ఇవతల కోట్ల సంఖ్యలో ఒకే వైపు తిరుగుతాయి, అవతల తిరగవు. బాణాల స్వభావంలో హద్దు ఎక్కడా లేదు. గుంపులోంచి పుట్టింది.

ఇనుములో, బల్ల మీద గడుల్లో ఒక సుఖం ఉంది. ఎక్కడ నిలబడి చూసినా ఒకేలా ఉంటుంది. ఆ సౌష్ఠవమే లెక్కకు ఆసరా. స్ఫటికాల సౌష్ఠవాన్ని గణితంతో పట్టుకోవడంలో తెలుగువాళ్లకూ చెప్పుకోదగ్గ వాటా ఉంది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసి, వాల్తేరు వచ్చిన సూరి భగవంతం, గణితవేత్త టి. వెంకటరాయుడు కలిసి గ్రూపు సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు వాడుకోవడం ఎలాగో చెప్పే పుస్తకం రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని 1948లో అచ్చు వేసింది. అటు తర్వాత భగవంతం అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవం మీదా పనిచేశాడు. ఆ దారిలో నడిచేవాళ్లకు రాగిలో మాంగనీసు మాత్రం కొరకరాని కొయ్యే. ఎందుకంటే అందులో సౌష్ఠవమనేదే లేదు.

రాగి అణువులకు అయస్కాంత గుణం లేదు, మాంగనీసు అణువులకు ఉంది. కరిగించి కలిపినప్పుడు మాంగనీసు అణువులు ఎక్కడ పడితే అక్కడ చెల్లాచెదురుగా ఇరుక్కుంటాయి. వాటి మధ్య దూరాన్ని బట్టి ఒక జంట ఒకే వైపు తిరగాలనుకుంటుంది, ఇంకో జంట ఎదురెదురుగా తిరగాలనుకుంటుంది. ఇక్కడే తంటా. మూడు అణువులున్నాయి, ఏ రెండూ ఒకే వైపు తిరగకూడదు అనుకోండి. పెళ్లి భోజనాల్లో ఎదురెదురుగా రెండే వరసలు వేశారు, ముగ్గురు చుట్టాలకు ఒకరితో ఒకరికి మాటల్లేవు, ఒకే వరసలో కూర్చోబోమంటున్నారు. ఎటు సర్దినా ఇద్దరు ఒకే వరసలో పడాల్సిందే. బాణాలకూ అదే గతి. దీన్ని ఫిజిక్స్‌లో ఫ్రస్ట్రేషన్ అనే అంటారు. లక్షల అణువులుంటే అందరినీ సంతోషపెట్టే అమరిక ఒక్కటీ ఉండదు, దాదాపు సమానంగా అసంతృప్తి మిగిల్చే అమరికలు మాత్రం లెక్కలేనన్ని ఉంటాయి.

1972లో కన్నెల్లా, మైడోష్ అనే ఇద్దరు బంగారంలో కొద్దిగా ఇనుము కలిపిన ఇలాంటి లోహాన్నే బాగా చల్లబరిచి కొలిచారు. ఒక ఉష్ణోగ్రత దగ్గర రీడింగు మొనదేలిన శిఖరంలా కనిపించింది. అంటే అక్కడ ఏదో హద్దు ఉంది. కానీ అవతల క్రమం లేదు. బాణాలు ఎక్కడివక్కడ, తలో దిక్కుగా బిగుసుకుపోయాయి. గాజులో అణువులు అస్తవ్యస్తంగా గడ్డకట్టినట్టే ఇక్కడ బాణాలు (స్పిన్‌లు) గడ్డకట్టాయి కాబట్టి వీటికి స్పిన్ గ్లాస్ అని పేరు స్థిరపడింది.

1975లో ఎడ్వర్డ్స్, ఆండర్సన్ దీనికి సిద్ధాంతం మొదలుపెట్టారు. అదే ఏడు షెరింగ్‌టన్, కిర్క్‌పాట్రిక్ లెక్కను తేలిక చేద్దామని పక్కవాటితోనే కాకుండా ప్రతి బాణాన్నీ మిగతా అన్ని బాణాలతో కలిపేశారు. బంధాలు కొన్ని స్నేహానికి, కొన్ని వైరానికి, బొమ్మాబొరుసూ వేసినట్టు. తేలికవుతుందనుకున్నది మెడకు చుట్టుకుంది. చల్లని ఉష్ణోగ్రతల్లో వాళ్ల జవాబు ఎంట్రోపీని సున్నాకన్నా తక్కువగా చూపించింది. ఈ నమూనాలో ఎంట్రోపీ అంటే సాధ్యమైన అమరికలెన్నో లెక్క, అది సున్నా కిందికి పోవడం అసంభవం. ఎక్కడ తప్పిందో చూసిన వాళ్లంతా తలలు పట్టుకున్నారు. 1979లో పరీసీ దారి చూపించాడు. స్థిరమైన స్థితి ఒకటి కాదు, అనంతంగా ఉన్నాయి, అవి వంశవృక్షంలా శాఖోపశాఖలుగా అమరి ఉన్నాయి అన్నది ఆయన లెక్క సారం. జవాబు సరైందని కంప్యూటర్ ప్రయోగాలు చెబుతూ వచ్చాయి. గణితపరమైన రుజువు కోసం మాత్రం పాతికేళ్లు పైగా ఆగాల్సి వచ్చింది. ఫ్రాంచెస్కో గ్వెర్రా సగం దూరం నడిపించాక 2006లో తాలాగ్రాన్ దాన్ని పూర్తి చేశాడు.

కిర్క్‌పాట్రిక్ ఐబీఎంలో పనిచేసేవాడు. అక్కడ చిప్ మీద భాగాలను తీగల పొడవు తగ్గేలా అమర్చడం పెద్ద తలనొప్పి. అదీ ఒకరకం స్పిన్ గ్లాసే కదా అన్న ఆలోచన 1983లో ఒక కొత్త పద్ధతి అయింది. లోహాన్ని కాల్చి నెమ్మదిగా చల్లారిస్తే మంచి అమరిక వచ్చినట్టే, లెక్కలోనూ ఒక ఉత్తుత్తి ఉష్ణోగ్రత పెట్టి, మొదట్లో చెడ్డ మార్పుల్ని కూడా కొన్ని ఒప్పుకుంటూ, మెల్లగా చల్లబరుస్తూ పోవడం. కొత్త ఇంజినీర్లకు ఇది ఇప్పటికీ పాఠం. గుండుసూదిని లాగలేని లోహం అలా పనికొచ్చింది.

అంతకు ఏడాది ముందు, 1982లో, అయిదు పేజీల వ్యాసం ఒకటి వచ్చింది. రాసింది హాప్‌ఫీల్డ్. ఘనపదార్థాల ఫిజిక్స్‌లో మొదలై జీవశాస్త్రంవైపు జరిగిన మనిషి. స్పిన్ గ్లాస్‌లో లెక్కలేనన్ని స్థిరమైన అమరికలుంటాయి, సరే. ఆ అమరికలు ఎలా ఉండాలో మనమే నిర్ణయించగలిగితే? అప్పుడు ఒక్కో అమరికా ఒక జ్ఞాపకం అవుతుంది. బాణం బదులు న్యూరాన్ అనుకుంటే సరి.

ఇది చేతనయ్యే పనే. పది గడుల పొడవు, పది గడుల వెడల్పు ఉన్న పలక మీద 'క' అక్షరం గీసినట్టు కొన్ని గడులు నల్లగా, మిగతావి తెల్లగా ఉంచండి. వంద గడుల మధ్య 4,950 జంటలున్నాయి. ఏ జంటలో రెండు గడులూ ఒకే రంగులో ఉంటే దానికి ఒకటి కలపండి, వేర్వేరు రంగుల్లో ఉంటే ఒకటి తీసేయండి. తర్వాత 'ఝ' గీసి అదే అంకెలకు మళ్లీ కలపడం, తీసేయడం. రెండు అక్షరాలూ ఇప్పుడు ఆ 4,950 అంకెల్లో కలిసిపోయి ఉన్నాయి, ఏ ఒక్క అంకెలోనూ ఏ అక్షరమూ లేదు. ఇక సగం చెరిగిపోయిన 'క'ను పలక మీద పెట్టి, ఒక్కో గడినీ మిగతా తొంభై తొమ్మిదింటి మాట విని రంగు మార్చుకోమనండి. ప్రతి మార్పుతోనూ మొత్తం శక్తి తగ్గుతుంది, పెరగదు. కాసేపటికి పలక మీద పూర్తి 'క' నిలుస్తుంది. బీరువా అరలో వెతికి తీసినట్టు కాదు, సగం చూసి మిగతా సగం గుర్తుకు రావడం.

పలక చిన్నదైతే బరువు మోయలేదు. జెరూసలేంలో అమిత్, గుట్‌ఫ్రాయిండ్, సొంపొలిన్‌స్కీ స్పిన్ గ్లాస్ గణితాన్నే వాడి 1985లో హద్దు కట్టారు: వంద గడులకు పద్నాలుగు లోపు జ్ఞాపకాలు. అది దాటితే కొత్తది చేరకపోవడమే కాదు, పాతవన్నీ కూడా ఒక్కసారే కలగాపులగం అవుతాయి. పలక స్పిన్ గ్లాస్‌గా మారి, ఎవరూ నేర్పని పిచ్చి గీతల్ని గుర్తు చేసుకుంటుంది. పైగా ఆ పద్నాలుగూ ఒకదానితో ఒకటి పోలిక లేనివి అయితేనే. ఒకదాన్ని ఒకటి పోలిన 'ప', 'ష', 'వ' లాంటి అక్షరాలు పెడితే ఇంకా ముందే చేతులెత్తేస్తుంది. మన వర్ణమాల ఈ పలకకు కఠిన పరీక్షే.

హాప్‌ఫీల్డ్ పలక అప్పజెప్పింది గుర్తుపెట్టుకుంటుంది, కొత్తది పుట్టించలేదు. ఆ అడుగు హింటన్, సెయ్‌నోవ్‌స్కీ వేశారు. సెయ్‌నోవ్‌స్కీ ప్రిన్స్‌టన్‌లో హాప్‌ఫీల్డ్ దగ్గరే ఫిజిక్స్ డాక్టరేట్ చేసినవాడు. హింటన్‌ది మనస్తత్వ శాస్త్రం, కృత్రిమ మేధ నేపథ్యం. వాళ్లిద్దరూ ఆక్లీతో కలిసి 1985లో అచ్చు వేసిన యంత్రంలో పలకకు వేడి తగిలించారు. గడులు కచ్చితంగా మెజారిటీ మాట వినవు, ఎక్కువసార్లు వింటాయి, అప్పుడప్పుడు ఎదురు తిరుగుతాయి. బయటికి కనిపించని గడులు కొన్ని చేర్చారు. ఎంత శక్తి ఉన్న అమరిక ఎంత తరచుగా వస్తుందో పంతొమ్మిదో శతాబ్దంలో వియన్నా మేధావి లుడ్విగ్ బోల్ట్జ్‌మన్ వాయువుల కోసం చెప్పిన సూత్రమే ఇక్కడా కాబట్టి దానికి బోల్ట్జ్‌మన్ మెషీన్ అని పేరు పెట్టారు. శక్తి పెరిగేకొద్దీ అవకాశం గుణకాల్లో పడిపోతుంది, వేడి పెంచితే ఆ తేడాలు చదునవుతాయి. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే భాష దగ్గరికి వెళ్లొచ్చు.

భాషను లెక్కలోకి లాగిన మొదటివాళ్లలో రష్యా గణితవేత్త ఆంద్రేయ్ మార్కోవ్ ఒకడు. 1913లో ఆయన పుష్కిన్ 'యెవ్గేనీ అనేగిన్' ముందు పెట్టుకుని మొదటి 20 వేల అక్షరాల్లో అచ్చు తర్వాత అచ్చు ఎన్నిసార్లు, హల్లు ఎన్నిసార్లు వస్తున్నాయో చేత్తో లెక్కపెట్టాడు. 1948లో క్లాడ్ షానన్ భాషకు ఎంట్రోపీ కొలత తెచ్చాడు. 1957లో ఎడ్విన్ జేన్స్ అనే ఫిజిక్స్ మనిషి ఈ ఎంట్రోపీనీ, ఫిజిక్స్ ఎంట్రోపీనీ ఒక్క తాటి మీదికి తెచ్చాడు: తెలిసింది పాటించు, తెలియని దాని గురించి లేనిపోనివి ఊహించకు అన్న నియమం పెట్టుకుంటే బోల్ట్జ్‌మన్ సూత్రం దానంతటదే వస్తుంది. ఐబీఎంలో అనువాద యంత్రాల మీద పనిచేసిన ఆడమ్ బర్గర్, స్టీఫెన్, విన్సెంట్ డెల్లా పియత్రా 1996లో ఈ నియమాన్నే మాక్సిమమ్ ఎంట్రోపీ పేరుతో భాషకు పట్టించారు. డెల్లా పియత్రాలు అన్నదమ్ములు, ఫిజిక్స్, గణిత భౌతిక శాస్త్రాల నుంచి వచ్చినవాళ్లు.

ఇక ఈజింగ్ వరస తిరిగి వచ్చిన చోటు. 'చెప్పు తెగింది' అన్నప్పుడు చెప్పు వస్తువు, 'నిజం చెప్పు' అన్నప్పుడు క్రియ. ఏది నామవాచకం, ఏది క్రియ అని యంత్రం గుర్తించాలంటే ఆ మాట ఒక్కటే చూస్తే చాలదు, పక్క మాటకు ఏ గుర్తు పడిందో చూడాలి, దాని గుర్తు దాని పక్కదాని మీద ఆధారపడుతుంది. వరసగా గడులు, ఒక్కో గడికి కొన్ని స్థితులు, పక్కపక్క గడుల మధ్య బంధాలు. ఈజింగ్ థీసిస్‌లో గడికి రెండు స్థితులు ఉంటే ఇక్కడ పదో ఇరవయ్యో ఉన్నాయి, అంతే తేడా. 2001లో లాఫర్టీ, మెకాలమ్, పెరేరా దీన్ని కండిషనల్ రాండమ్ ఫీల్డ్ పేరుతో తీర్చిదిద్దారు. అయస్కాంతాన్ని వివరించలేకపోయిన ఒంటి వరస వాక్యానికి అతికినట్టు సరిపోయింది, వాక్యం కూడా ఒక వరసే కాబట్టి. ఇంకో లాభం ఏమిటంటే ఒంటి వరసను కచ్చితంగా, వేగంగా లెక్క కట్టొచ్చు. అయస్కాంతాలవాళ్లు 1940లలో వాడిన మాత్రికల గుణకారమే వాక్యాలకూ పనికొస్తుంది.

ఇది హైదరాబాద్‌లో కళ్లారా కనిపించింది. 2007 జనవరిలో అంతర్జాతీయ కృత్రిమ మేధ మహాసభ ఐజేకాయ్ అక్కడ జరిగినప్పుడు, దానికి అనుబంధంగా హిందీ, బెంగాలీ, తెలుగు వాక్యాలకు వ్యాకరణ గుర్తులు వేసే పోటీ పెట్టారు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్ల చేయి అందులో ఉంది. జట్లలో కొన్ని మాక్సిమమ్ ఎంట్రోపీని, కొన్ని కండిషనల్ రాండమ్ ఫీల్డ్‌ను ఎంచుకున్నాయి. నేర్చుకోవడానికి ఒక్కో భాషకు ఇచ్చిన పాఠం సుమారు 20 వేల మాటలే. మార్కోవ్ చేత్తో లెక్కపెట్టిన అక్షరాలూ అన్నే కావడం తమాషాగా ఉంటుంది. తెలుగులో ఎంత గట్టి జట్టుకైనా నూటికి ఎనభై మార్కులు రాలేదు. ఆశ్చర్యం లేదు. 'వెళ్లలేకపోతున్నాడట' లాంటిది మనకు ఒక్క మాట, ఇంగ్లిషులో అరడజను. ఇరవై వేల మాటల్లో అలాంటి రూపం ఒక్కసారైనా తగులుతుందన్న భరోసా లేదు.

ఆ తర్వాత వచ్చిన పెద్ద లాంగ్వేజ్ మోడళ్లు పాఠం పరిమాణాన్ని ఊహకందనంత పెంచాయి. చివరి మెట్టు మాత్రం పాతదే. 'అమ్మ వంటింట్లో' దాకా రాసిన యంత్రం తర్వాతి మాటకు మార్కులు వేసిందనుకోండి: 'పప్పు'కు 3, 'పులిహోర'కు 2, 'కేకు'కు 0. ఊరికే లెక్క కోసం పెట్టిన అంకెలివి. ఎక్కువ మార్కు అంటే తక్కువ శక్తి అనుకోవాలి. ఈ మూడే ఉన్నాయనుకుని బోల్ట్జ్‌మన్ సూత్రంలో వేస్తే, ఉష్ణోగ్రత 1 దగ్గర పప్పుకు నూటికి 70 అవకాశం, పులిహోరకు 26, కేకుకు 4 లోపు. ఉష్ణోగ్రత సగానికి తగ్గిస్తే పప్పు 88కి ఎక్కి కూర్చుంటుంది, కేకు సోదిలోకి రాదు. ఉష్ణోగ్రత 2 చేస్తే పప్పు 55, పులిహోర 33, కేకు 12. ఈ మీటకు ఇంజినీర్లు నిజంగానే టెంపరేచర్ అని పేరు పెట్టారు. బాగా చల్లబరిస్తే యంత్రం ఒకటే మాట పట్టుకుని సాగదీస్తుంది, మరీ వేడెక్కిస్తే సంధిప్రేలాపన. కథ రాయమనేవాళ్లు కొంచెం పెంచుతారు, లెక్కల పద్దు అడిగేవాళ్లు తగ్గిస్తారు.

ఇదంతా చూసి కృత్రిమ మేధ అంటే ఫిజిక్సే అనేవాళ్లు కొందరున్నారు. అది అతి. బోల్ట్జ్‌మన్ మెషీన్ నేర్చుకోవడం మహా నిదానం, ఈనాటి మోడళ్లలో అది లేదు. వాటికి ప్రాణం పోసింది తప్పును వెనక్కి పంచుతూ అంకెల్ని సరిచేసే బ్యాక్‌ప్రాపగేషన్, వీడియో గేముల కోసం పుట్టిన చిప్‌లు, ఇంటర్నెట్‌లో పోగుపడిన రాతలు. 1972లోనే జపాన్‌కు చెందిన షునిచి అమారి హాప్‌ఫీల్డ్ తరహా న్యూరాన్ల వల (నెట్‌వర్క్) గురించి రాశాడు కూడా. ఫిజిక్స్ ఇచ్చింది ఒక చూపు: గుంపులో ఒక్కొక్కరూ చేసేది అల్పమే, గుంపు చేసేది వేరే సంగతి, దాన్ని లెక్క కట్టొచ్చు. అది తక్కువేమీ కాదు.

పనికొచ్చే అయస్కాంతాలూ ఈ కథకు దూరంగా లేవు. మోడళ్లు చదివే రాతల్లో చాలా భాగం డేటా సెంటర్ల హార్డ్ డిస్కుల్లో పైకి, కిందికి తిరిగిన అయస్కాంత గుర్తులుగానే పడి ఉంటుంది. ఆ గుర్తులు అంత దగ్గరగా ఇరికించడం 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ ఫెర్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బర్గ్ విడివిడిగా కనిపెట్టిన గుణం వల్ల సాధ్యమైంది. ఇద్దరికీ 2007లో నోబెల్ వచ్చింది. ఆ గుర్తులు చదివే చేతిని కదిపేది నియోడిమియం అయస్కాంతం. దాని కుటుంబానికే చెందిన సమేరియం కోబాల్ట్ అయస్కాంతాలు విశాఖపట్నంలో తయారవుతున్నాయి. ఏడాదికి 3,000 కిలోల సామర్థ్యంతో ఐఆర్ఈఎల్ అక్కడ కట్టిన ప్లాంటు 2023 మేలో మొదలైంది. అందులో వాడిన పరిజ్ఞానంలో హైదరాబాద్ రక్షణ లోహ పరిశోధనాలయం డీఎంఆర్ఎల్‌కు భాగం ఉంది.

హాప్‌ఫీల్డ్ పలక ఇంకోసారి వార్తల్లోకి వచ్చింది 2020లో. ఇప్పటి మోడళ్లకు ఆధారమైన ట్రాన్స్‌ఫార్మర్ 2017లో గూగుల్ పరిశోధకులు చేసింది. అందులో ప్రతి మాటా తనకు ముందున్న మాటలన్నిటినీ చూసి, ఎవరి మాట ఎంత వినాలో తేల్చుకుంటుంది. దీనికి అటెన్షన్ అని పేరు. ఆస్ట్రియాలోని లింజ్ నుంచి ఒక బృందం, అటెన్షన్ చేసే పని కొత్త తరహా హాప్‌ఫీల్డ్ వల ఒక్క అడుగు వేయడంతో సమానమని గణితంతో చూపించింది. ఈ కొత్త వలలో పాత పద్నాలుగు హద్దు లేదు, దాచుకోగల జ్ఞాపకాలు గడుల సంఖ్యతో పాటు గుణకాల్లో పెరుగుతాయి. వాక్యం ఈజింగ్ ఒంటి వరసను దాటి, షెరింగ్‌టన్, కిర్క్‌పాట్రిక్‌లు ఊహించిన, అందరికీ అందరితో బంధం ఉన్న లోకంలోకి వచ్చేసిందన్నమాట. లక్షల కోట్ల అంకెలున్న వల ఇంత తేలిగ్గా ఎందుకు నేర్చుకుంటోంది, మధ్యలో ఏ గుంటలోనూ ఎందుకు ఇరుక్కుపోవడం లేదు అన్న ప్రశ్న మీద పరీసీ పనిముట్లతో కూర్చున్న బృందాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి.

లెంజ్ మొదట అడిగిన లెక్క కూడా ఇంకా తెగలేదు. ఒంటి వరస ఈజింగ్ చేశాడు, బల్ల ఆన్సేగర్ చేశాడు. అసలు ఇనుము లాంటి మూడు కొలతల దిమ్మెకు మాత్రం కచ్చితమైన సూత్రం ఎవరికీ దొరకలేదు. కంప్యూటర్లు ఆ హద్దును 4.5115 అని, ఆపైన ఇంకొన్ని దశాంశాలతో చెబుతున్నాయి.